ఎముకను పిలిచే పూత

ఎముక బతికి ఉంటుంది. శ్మశానంలోనో, బడి ప్రయోగశాల గాజు బీరువాలోనో చూసిన తెల్లటి ఎండు ఎముకలే కళ్లలో నిలిచిపోవడం వల్ల ఈ సంగతి మరిచిపోతుంటాం. ఒంట్లో ఉన్నప్పుడు దాని నిండా నెత్తురు పారుతుంటుంది. మజ్జలో క్షణం తీరిక లేకుండా కొత్త రక్తకణాలు పుడుతుంటాయి. ఒక జాతి కణాలు పాత ఎముకను కొంచెం కొంచెం కరిగించుకుంటూ ముందుకు పోతే, వాటి వెనకే మరో జాతి కణాలు కొత్త ఎముక పోసుకుంటూ వస్తాయి. విరిగితే తనంతట తానే అతుక్కుంటుంది. పుత్తూరు కట్టు కట్టినా, పెద్దాసుపత్రిలో రాడ్ వేసినా అతికేది ఎముకే. కట్టూ రాడూ అంతదాకా కదలకుండా పట్టి ఉంచుతాయి.

ఇంత ప్రాణమున్న దాని ఒడిలో ఒక లోహపు ముక్కను పెట్టి, ఇకమీదట మీరిద్దరూ కలిసి ఈ మనిషి బరువు మొయ్యండి అని అడగడమంటే ఎంత సాహసం! ఆ సాహసం ఫలించిందంటే లోహం బలం ఒక్కటే కారణం కాదు. లోహం ఒంటి మీద, చాలాసార్లు వెంట్రుక మందం కూడా ఉండని ఒక పూత ఉంటుంది. ఎముక ముట్టుకునేది దాన్నే. ఆ పూతను మనసారా పొగడాలని ఎన్నాళ్లనుంచో ఉంది నాకు.

మొదటి పూతను ఎవరూ పూయలేదు. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ అనే వైద్యుడు ఎముకలో నెత్తురు ఎలా పారుతుందో కళ్లారా చూడాలనుకున్నాడు. టైటానియంతో చిన్న కిటికీలాంటి పరికరం చేయించి కుందేలు కాలి ఎముకలో బిగించాడు. చూడాల్సింది చూశాక దాన్ని ఊడదీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. మధ్యలో మెత్తటి కండపొర ఏదీ లేకుండా, లోహాన్ని ఆనుకుని నేరుగా పెరిగింది. మరొకరైతే పరికరం పాడైందని విసుక్కుని ఊరుకునేవారేమో. బ్రోనెమార్క్ ఆ మొండితనం వెనకే తన జీవితమంతా నడిచాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే ఆయన దవడలో టైటానియం స్క్రూలు బిగించి వాటి మీద పళ్లు నిలబెట్టాడు. 2006లో లార్సన్ కన్ను మూసేదాకా, నాలుగు దశాబ్దాల పాటు, అవి పని చేస్తూనే ఉన్నాయి.

టైటానియానికి ఈ మన్నన ఎక్కడిది? గాలి సోకిన మరుక్షణమే అది తన మీద ఆక్సైడు పొర ఒకటి కప్పుకుంటుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లు. గీరితే మళ్లీ కప్పుకుంటుంది. ఒంట్లోని ఉప్పునీరు దాన్ని తినలేదు. ఈ లోహం పుట్టుక చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనూ, కేరళలోని చవర తీరంలోనూ కాళ్లకు అంటుకునే నల్ల ఇసుకలో ఇల్మెనైట్ ఉంది, దాని లోపల టైటానియం ఉంది. ఖనిజం నుంచి స్పాంజిలాంటి శుద్ధ టైటానియం తీసే మన దేశపు పద్ధతి హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయంలో రూపు దిద్దుకుంది. దాని ఆధారంగానే చవరలో కర్మాగారం వెలిసింది. విమానాలకూ, క్షిపణులకూ, తుంటి కీళ్లకూ కావలసినది ఆ నల్ల ఇసుకలోనే ఉందన్నమాట.

ఎముక టైటానియాన్ని సహిస్తుంది, పక్కన చోటిస్తుంది. చేయి చాచి పిలవదు. అలా పిలిపించుకునే పదార్థం కోసం వెతికినవాడు లారీ హెంచ్. 1967లో అమెరికాలో ఒక సమావేశానికి బస్సులో వెళుతుంటే, వియత్నాం యుద్ధం నుంచి అప్పుడే తిరిగొచ్చిన సైనికాధికారి ఒకాయన పక్కన కూర్చున్నాడట. ఒళ్లు లోహాన్నీ ప్లాస్టిక్‌నూ తిరస్కరించడం వల్ల ఎందరో కుర్రాళ్ల కాళ్లూ చేతులూ తీసేయాల్సి వస్తోందనీ, శరీరం ఒప్పుకునే పదార్థం చెయ్యగలవా అనీ ఆయన అడిగాడు. హెంచ్ గాజు పండితుడు. వైద్యం అతని చదువు కాదు. అయినా ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. ఎముకలో ఉన్నది ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటు కదా, తన ఒంటి మీద తానే అలాంటి పొర పెంచుకునే గాజు చేస్తే ఎముక దాన్ని పరాయిదనుకోదేమో అన్నది అతని ఊహ. 1969లో ఫ్లోరిడాలో ఆ గాజు తయారైంది. నూటికి 45 పాళ్లు సిలికా, సోడా 24.5, సున్నం 24.5, ఫాస్ఫరస్ ఆక్సైడు 6. ఎలుకల తొడ ఎముకలో పెట్టి ఆరు వారాల తర్వాత తీయబోతే, అదీ రాలేదు.

స్వీడన్‌లో కుందేలు, ఫ్లోరిడాలో ఎలుక. ఈ శాస్త్రం రెండుసార్లూ, తీయబోతే రాని వస్తువు దగ్గరే మలుపు తిరిగింది. ఎముకకు మాటలు రావు. ఒప్పుకుందనడానికి అది ఇచ్చే సాక్ష్యం, పట్టుకుని వదలకపోవడమే.

హెంచ్ గాజు చేసే పని తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఒంటి నీరు తగలగానే గాజులోని సోడియం బయటికి నడుస్తుంది. పైపొరలో సిలికా మెత్తటి జిగురుగా మిగులుతుంది. దాని మీదికి కాల్షియం, ఫాస్ఫేటు వచ్చి చేరతాయి. గంటలు గడిచేకొద్దీ అవి స్ఫటికాలుగా గట్టిపడతాయి. అది అచ్చం ఎముకలోని ఖనిజం. అక్కడికి వచ్చిన ఎముక కణానికి ఎదురయ్యేది గాజు కాదు, తనవాళ్లే. గాజు నుంచి కరిగి వచ్చిన సిలికా, కాల్షియం అయాన్లు ఆ కణాల్లో ఎముక కట్టే జన్యువులను కూడా తట్టి లేపుతాయని తర్వాత తెలిసింది.

ఎముకలోని ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. పది కాల్షియం పరమాణువులు, ఆరు ఫాస్ఫేట్లు, రెండు హైడ్రాక్సిల్ జంటలు. దాన్నే పొడి చేసి, పదివేల డిగ్రీలు దాటిన ప్లాస్మా మంటలో ఊది, కరిగిన చుక్కలను లోహం మీద చిట్లించి పూత వెయ్యడం 1980లలో మొదలైంది. 1985లో లండన్‌లో రోనాల్డ్ ఫర్లాంగ్ ఆ పూత పూసిన తుంటి కీలును రోగికి అమర్చాడు. ఈ ఖనిజంతో తెలంగాణకు ఒక చుట్టరికం ఉంది, బాధాకరమైన చుట్టరికం. నల్లగొండ పల్లెల్లో బావినీళ్లలోని ఫ్లోరైడు ఎముకలోకి చేరి, ఈ హైడ్రాక్సిల్ కూర్చునే చోటే తాను కూర్చుంది. మనుషుల నడుములు వంగిపోయాయి. తన గూట్లోకి పరాయి అయాన్లను రానిచ్చే ఆ గుణం వల్లే అంత కష్టం వచ్చింది. అదే గుణాన్ని ఈ పూతలు చేసేవాళ్లు మంచికి వాడుకుంటున్నారు. కాల్షియం ఉండాల్సిన చోట కొంచెం జింకు, కొంచెం స్ట్రాన్షియం, కొంచెం వెండి కూర్చోబెడతారు.

వెండి ఎందుకు అంటే, పిలుపు వినేది ఎముక ఒక్కటే కాదు కాబట్టి.

మోటారు సైకిల్ ప్రమాదంలో మోకాలి కింది పెద్ద ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే, రోడ్డు మీది దుమ్మూ, బట్టల పీలికలూ, చర్మం మీద కాపురముండే స్టెఫలోకాకస్ క్రిములూ అన్నీ లోపలికి వెళతాయి. ఎంత కడిగినా కొన్ని మిగలవచ్చు. మామూలుగా ఒళ్లు వాటిని చూసుకుంటుంది. పక్కన ఒక పరాయి వస్తువుంటే మాత్రం లెక్క మారిపోతుంది. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల మీదే పరీక్షించి చూపించారు. చర్మంలో చీము పుట్టించడానికి లక్షల్లో కావలసిన ఆ క్రిములు, అక్కడ ఒక పట్టు దారం కుట్టు ఉంటే వందల్లోనే సరిపోయాయి. దారానికే అంత బలముంటే, మూరెడు రాడ్డుకు ఎంత ఉంటుంది?

ఆంథొనీ గ్రిస్టినా 1987లో దీనికి ఒక రూపం కట్టి చూపాడు. ఇంప్లాంటు ఒంట్లోకి దిగిన క్షణం నుంచి దాని ఉపరితలం కోసం పందెం నడుస్తుంది. ఒక పక్క ఎముక కణాలు, మరో పక్క క్రిములు. ముందు చేరి ఆ నేలను ఎవరు కప్పుకుంటే వాళ్లదే అది. ఎముక కణాలు ముందు చేరితే క్రిమికి నిలవ చోటుండదు. క్రిములు ముందు చేరితే తమ చుట్టూ జిగురు స్రవించుకుని, బయోఫిల్మ్ అనే గూడు కట్టుకుంటాయి. ఆ గూట్లోని క్రిమి, విడిగా తిరిగే క్రిమి కన్నా వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్ల మోతాదు మందును కూడా తట్టుకుంటుంది. ఆ తర్వాత కథ ఆసుపత్రి వార్డుల్లో అందరికీ తెలిసిందే. చీము పట్టిందంటారు, సెప్టిక్ అయిందంటారు, మళ్లీ కోస్తారు, రాడ్ తీసేస్తారు, కాలి చుట్టూ రింగులు బిగిస్తారు. ఇంట్లో సంపాదించే మనిషి నెలలకు నెలలు మంచం మీదే.

ఈ పందెంలో కష్టమంతా ఎక్కడుందంటే, ఎముక కణానికి నచ్చేవే క్రిమికీ నచ్చుతాయి. లోహం మీద మొట్టమొదట చేరేది కణమూ కాదు, క్రిమీ కాదు, నెత్తురులోని ప్రొటీన్లు. వాటిలో ఫైబ్రోనెక్టిన్ అనేదాన్ని పట్టుకునే ఎముక కణం పైకెక్కుతుంది. స్టెఫలోకాకస్ కూడా దాన్నే పట్టుకుంటుంది. గరుకుగా ఉంటే ఎముకకు పట్టు దొరుకుతుంది, క్రిమికి దాక్కునే మూల దొరుకుతుంది. నున్నగా చేస్తే ఇద్దరూ జారిపోతారు. విషం పూస్తే ఇద్దరూ చస్తారు. మన ఇళ్లలో గడపకు పసుపు రాస్తారు. వచ్చే చుట్టానికి అది శుభం, పాకి వచ్చే పురుగుకు అడ్డు. ఇంప్లాంటు పూత నుంచి అడిగేది సరిగ్గా ఆ పసుపు చేసే పనే. మైక్రాన్ల మందంలో, కళ్లు లేకుండా, చుట్టమెవరో శత్రువెవరో పోల్చుకోవాలి.

పోల్చుకోవడం నేర్పినవాళ్లను చూస్తే నమస్కరించాలనిపిస్తుంది. జర్మనీలోని మ్యూన్‌స్టర్ వైద్యులు, క్యాన్సర్ వల్ల ఎముకలో పెద్ద భాగమే కోల్పోయిన రోగులకు వెండి పూసిన కృత్రిమ ఎముకలు అమర్చారు. 2010లో వాళ్లు ప్రచురించిన లెక్కలో, మామూలు టైటానియం పెట్టినవాళ్లలో నూటికి 17.6 మందికి ఇన్ఫెక్షన్ వస్తే, వెండి పూత ఉన్నవాళ్లలో అది 5.9. వెండి అయాను క్రిమి పొరను చెడగొడుతుంది, దాని ఎంజైముల్లోని గంధకాన్ని పట్టుకుని పని ఆపేస్తుంది, డీఎన్‌ఏ దాకా వెళుతుంది. ఇన్ని చోట్ల ఒకేసారి దెబ్బ తీసే ఆయుధానికి క్రిమి ఎదురు నేర్చుకోవడం అంత సులువు కాదు. కానీ ఆ కృత్రిమ ఎముకల్లో ఒక భాగానికి వెండి పూయలేదు. అసలు ఎముక లోపలికి దిగే కాడను అలాగే వదిలేశారు. వెండి ఎక్కువైతే ఎముక కణానికీ హాని, అది పట్టుకోదేమోనన్న భయం. ఎముకను కలుసుకునే ఆ చోటే కాపలా లేని చోటు. ఇప్పుడు ప్రపంచంలో ఇన్ని ప్రయోగశాలలు తలలు బద్దలు కొట్టుకుంటున్నది ఆ కొద్ది అంగుళాల కోసమే.

జెంటామైసిన్ కలిపిన పల్చని పాలిమర్ పూతతో రాడ్లు యూరప్‌లో వాడుకలోకి వచ్చాయి. జపాన్‌లోని కనజావాలో సుచియా బృందం, గాయాలకు పూసే ఆ గోధుమరంగు అయోడిన్‌నే టైటానియం రంధ్రాల్లో నింపి రోగులకు మేలు చేసింది. మంచి పనులే అవి. నా మనసు లాగేవి మాత్రం వేరే ఉన్నాయి.

నీళ్లలో నిప్పు పుట్టించే పద్ధతి ఒకటుంది, మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్. కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు కలిపిన నీటిలో టైటానియాన్ని ముంచి వందల వోల్టుల కరెంటు ఇస్తారు. లోహం ఒంటి నిండా వేలకొద్దీ చిన్న చిన్న మెరుపులు ఆడతాయి. ఒక్కో మెరుపు ఒక్కో సన్నని గుంట తవ్వి, ఆ వేడిలోనే కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నూ ఆక్సైడులోకి పొదిగేస్తుంది. నీటిలో కాస్త జింకో, రాగో, వెండో కలిపితే అదీ పూతలోకి వస్తుంది. ఈ పూత బయటినుంచి అంటించింది కాదు, లోహంలోంచే పెరిగింది. అందుకే పెచ్చులూడటం తక్కువ. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం లోహాల మీద ఈ మెరుపుల పనిలో ఎప్పటినుంచో చెయ్యి తిరిగినది.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో మరో తెలివైన దారి పట్టారు. ముందు టైటానియం మీద ఏదీ అంటని పాలిమర్ పొర వేశారు. ప్రొటీను అంటదు, క్రిమి అంటదు, ఎముక కణం కూడా అంటదు. ఆ తర్వాత ఆ పొర కొసలకు మూడే మూడు అమైనో ఆమ్లాల గొలుసు తగిలించారు. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఫైబ్రోనెక్టిన్‌లో మన కణాలు చెయ్యి వేసి పట్టుకునే చోటు అదే. స్టెఫలోకాకస్ పట్టుకునేది అదే ప్రొటీన్‌లోని మరో కొసను. ఆ కొస ఇక్కడ లేదు. మన కణం వచ్చి కూర్చుంది, క్రిమికి పట్టు దొరకలేదు. ఏ ప్రాణినీ చంపకుండా పందెం గెలిపించే ఈ ఉపాయం తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చంపే చోట కూడా విషం అక్కర్లేదని చెప్పింది ఒక పురుగు. 2012లో ఆస్ట్రేలియాలో ఎలెనా ఇవనోవా బృందం సికాడా అనే కీటకం రెక్కను సూక్ష్మదర్శినిలో చూసింది. రెక్క నిండా 200 నానోమీటర్ల ఎత్తున్న సన్నని స్తంభాలు. వాటి మీద వాలిన సూడోమోనాస్ క్రిమి పొర స్తంభాల మధ్యకు సాగి సాగి, నిమిషాల్లో చిరిగిపోయింది. మరుసటి ఏడాది తూనీగ రెక్క ఇంకా గట్టిదని తేలింది. దళసరి గోడ ఉన్న స్టెఫలోకాకస్ కూడా దాని మీద బతకలేదు. క్రిమి పరిమాణం ఇంచుమించు ఒక మైక్రాను. ఎముక కణం దానికి ఇరవై, ముప్పై రెట్లు. చిన్నదాన్ని చీల్చే ఆ మొనలు పెద్దదానికి కాలు మోపుకునే చోటు అవుతాయి. టైటానియం మీద అలాంటి మొనలు మొలిపించే పని ఇప్పుడు ఎన్నో దేశాల్లో సాగుతోంది. మన పొలం గట్ల మీద తూనీగలు ఎన్ని కోట్ల ఏళ్లుగా ఈ విద్య మోసుకు తిరుగుతున్నాయో!

ఇక మన తీరం ఇచ్చే కానుక రొయ్య. దాని పెంకు నుంచి కైటిన్, కైటిన్ నుంచి కైటోసాన్ వస్తాయి. ధనావేశం ఉండటం వల్ల కైటోసాన్ క్రిమి పొరను పట్టి చెడగొడుతుంది. మన ఒంట్లో మెల్లగా కరిగిపోతుంది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఆల్డో బొకాచినీ బృందం కైటోసాన్‌నూ హెంచ్ గాజు పొడినీ ఒకే ద్రవంలో కలిపి, కొద్దిపాటి వోల్టేజీతో రెండింటినీ లోహం మీదికి నడిపించింది. ప్లాస్మా మంట అక్కర్లేదు. గాజును లోహం మీద కరిగించి పూస్తే, చల్లారేటప్పుడు గాజు ఎక్కువ ముడుచుకుని పగుళ్లు ఇచ్చే చిక్కు కూడా లేదు. గది వేడిలోనే పని జరుగుతుంది కాబట్టి మందునూ, వెండినీ అందులోనే కలపొచ్చు. రొయ్యల దిగుబడిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. భీమవరం చుట్టుపక్కల కుప్పలు పడే ఆ పెంకుల విలువ తెలిసిన కుర్రవాళ్లు మన విశ్వవిద్యాలయాల్లోంచి ఇంకా రావాలి.

వీటిలో చాలావరకు పరీక్ష గాజుపళ్లెంలో గెలిచాయి, కుందేళ్లలో గెలిచాయి. మనిషి దాకా వచ్చినవి కొన్నే. సుత్తితో కొట్టి ఎముకలోకి దించేటప్పుడు పూత ఊడకూడదు, ఏళ్ల తరబడి నడకకు అరగకూడదు, కడిగి శుద్ధి చేసే వేడికి చెడకూడదు. ఆ పరీక్షలకు ఓపిక కావాలి, డబ్బు కావాలి. అయినా ఏది నెగ్గాలో నాకు స్పష్టంగానే ఉంది. జీవితాంతం విషం చిమ్మే పూత వద్దు. మొదటి కొన్ని వారాలు గట్టిగా కాపలా కాసి, ఎముకకు ముందడుగు ఇచ్చి, ఆ తర్వాత తాను కరిగి ఎముకలో కలిసిపోయే పూతే అన్నిటికన్నా గొప్పది. ఎముక ఒకసారి లోహాన్ని కౌగిలించుకున్నాక, అక్కడికి నెత్తురు వస్తుంది, నెత్తురుతో ఒంటి సొంత సైన్యం వస్తుంది.

అలాంటి పూత ప్రతి ఆసుపత్రికీ చేరేదాకా ఆ మొదటి వారాల కాపలా మన చేతుల్లోనే ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా రాడ్ వేసినా, ప్లేటు వేసినా, కీలు మార్చినా కుట్ల దగ్గర రోజూ చూడండి. నీరు కారడం ఆగకపోయినా, ఎర్రబడి వేడిగా ఉన్నా, నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగినా రేపటిదాకా ఆగొద్దు. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగించొద్దు. దానివల్ల క్రిమి ఏదో పరీక్షకు దొరకకుండా పోతుంది, బయోఫిల్మ్ మాత్రం లోపల ముదురుతూనే ఉంటుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి.